ముత్తాత దున్నిన పొలం చెక్క పట్టుకోండి: టెక్కలి, రాజాం వైపు పాత కాగితాల్లో, ఫొటోల్లో వంశం వెతకడం

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారి వైపు ఊరు టెక్కలి దగ్గర, అమ్మగారి వైపు రాజాం దగ్గర. ముత్తాత పేరు వరకే తెలుసు. ఆయన రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి వచ్చారని ఇంట్లో అనుకుంటారు. ట్రంకుపెట్టెలో నాలుగు దస్తావేజులు, కొన్ని శిస్తు రసీదులు, ఒక తాటాకు జాతకం ఉన్నాయి. గోడ మీద గాజుకి అంటుకుపోయిన గ్రూపు ఫొటో ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

అన్నిటికంటే ముందు, ఆ ఫొటోని గాజు నుంచి లాగకండి. దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను. దస్తావేజులు లామినేషన్‌కి ఇవ్వొద్దు, మడతలు చిరిగినచోట సెల్లోటేపు వెయ్యొద్దు. ఆ టేపు జిగురు పదేళ్లలో గోధుమరంగుకి తిరిగి అక్షరాల్ని కూడా తినేస్తుంది. పెట్టెలో కలరా ఉండలుంటే తీసెయ్యండి. ఏ కాగితం ఏ కాగితంతో కలిపి మడిచి ఉందో, ఏ కట్టలో ఉందో అలాగే ఫోన్‌తో ఫొటో తీసి, ఆ తర్వాతే విప్పండి. ఒకే కట్టలో ఉన్న కాగితాలు సాధారణంగా ఒకే భూమివి. కట్ట విడిపోతే ఆ ఆనవాలు మళ్లీ దొరకదు.

ఇంట్లో పెద్దవాళ్లని అడిగేటప్పుడు "తాత తండ్రి పేరేంటి" అని అడిగితే చాలామంది తెలీదంటారు. తద్దినం పెట్టే ఇళ్లలో "తద్దినంలో ఎవరెవరి పేర్లు చెప్తారు, ఏ నెల ఏ తిథి" అని అడగండి. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ల భార్యల పేర్లు గోత్రంతో సహా ఆ మంత్రంలోనే ఉంటాయి. తద్దినాలు లేని ఇళ్లలో పెద్దపండక్కి పెద్దలకి కొత్తబట్టలు పెట్టినప్పుడు ఎవరెవర్ని తలుచుకుంటారో అడగండి. ఆడవాళ్లని ప్రత్యేకంగా అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది: ఆడపిల్లల్ని ఏ ఊళ్లో ఇచ్చారు, కోడళ్లని ఏ ఊరి నుంచి తెచ్చుకున్నారు. కాగితాలు మగవాళ్ల పేర్లే ఎక్కువ దాచాయి. ఆడవాళ్ల సంగతులు ఎనభై దాటిన అమ్మమ్మలకీ మేనత్తలకీ మాత్రమే తెలుసు. ఈ ఒక్క పనికి మాత్రం ఆలస్యం చెయ్యకండి.

ఇక ఆఫీసుల సంగతి. మన వైపు వెతికేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఊరు కదల్లేదు గానీ జిల్లా మారిపోయింది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, చికాకోలు, అంటే ఇప్పటి శ్రీకాకుళం, 1936 ఏప్రిల్ 1 వరకు గంజాం జిల్లాలో ఉండేవి. ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కాబట్టి మీ నాన్నగారి ఊరికి 1930లో రాసిన దస్తావేజులో "గంజాం జిల్లా" అనీ, 1940 నాటి దాంట్లో "విశాఖపట్నం జిల్లా" అనీ ఉంటే అవి రెండు ఊళ్లు కావు, కుటుంబం వలస వెళ్లిందనీ కాదు. అమ్మగారి వైపు రాజాం 1950 దాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలు శ్రీకాకుళంలో ఉండి 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. ముందు ఒక కాగితం మీద మీ రెండు ఊళ్లకీ ఈ తేదీల పట్టీ వేసుకోండి. దరఖాస్తు ఏ ఆఫీసులో పెట్టాలో, పాత రికార్డు ఎటు పోయి ఉంటుందో ఆ పట్టీ బట్టే తేలుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పై స్థాయి రికార్డులకి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

రెండో మాట. పేరు పట్టుకుని వెతికితే మన వైపు దారి తప్పుతారు. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం కాబట్టి "అప్పన్న కొడుకు రాములు", "రాములు కొడుకు అప్పన్న", మళ్లీ "అప్పన్న కొడుకు రాములు" అని ఒకే ఇంట్లో వరసగా వస్తారు. పక్కవీధిలో వేరే ఇంటిపేరుతో ఇంకో అప్పన్న ఉంటాడు. పాత కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట ఉండదు. కులం పేరు కూడా మారుతుంది, పాతవాటిలో సెగిడి అని ఉన్నవాళ్లు తర్వాతి వాటిలో శ్రీశయన అయ్యారు. భూమి మాత్రం కదలదు. ఆయన దున్నిన చెక్క ఏదో తెలిస్తే, దాని చేతులు మారిన వరస వెంట వెనక్కి వెళ్లొచ్చు.

మీ పెట్టెలోని దస్తావేజు ఒకటి తీసి, మొదటి పేజీ చదవకుండా ముందు వెనక్కి తిప్పండి. స్టాంపు కాగితం వెనక స్టాంపు అమ్మినాయన రాసిన వరస ఒకటి ఉంటుంది: ఏ తేదీన, ఎవరి కొడుకు ఎవరికి, ఏ ఊరి కాపురస్తుడికి అమ్మిందీ. దాని దగ్గర్లోనే సబ్‌రిజిస్ట్రారు గారి ఎండార్స్‌మెంటు ఉంటుంది: 1వ పుస్తకం, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలు, నంబరు, సంవత్సరం. ఈ అంకెలే మీకు తాళంచెవి. నిరూపించినవాళ్లని, అంటే ఆయన ఫలానా అని గుర్తుపట్టిన సాక్షుల్ని, తండ్రి పేరుతో సహా అక్కడే రాస్తారు. వాళ్లు తరచుగా బావమరుదులో పెదనాన్న కొడుకులో అవుతారు. స్టాంపు మీద బొమ్మ చూసినా కాలం తెలుస్తుంది: విక్టోరియా అయితే 1901 లోపు ముద్ర, ఏడో ఎడ్వర్డు 1901 నుంచి 1910, ఐదో జార్జి 1910 నుంచి 1936, ఆరో జార్జి ఆ తర్వాత. పాత స్టాంపు మిగిలిపోతే ఒకటి రెండేళ్ల తర్వాత కూడా వాడేవారు కాబట్టి దీన్ని తేదీకి మద్దతుగానే తీసుకోండి.

ఇప్పుడు ముందుకి తిప్పి హద్దులు చదవండి. తూర్పు ఫలానావారి పల్లం, దక్షిణం గట్టు, పడమర "నా అన్నగారి భాగం భూమి", ఉత్తరం కాలువ. మీరు ఎన్నడూ వినని ఒక అన్నగారు ఆ మూడో హద్దులో బయటపడతాడు. అన్నదమ్ములు పంచుకున్న పొలం పక్కపక్క చెక్కలుగానే ఉంటుంది కాబట్టి, సర్వే నంబరులో సబ్‌డివిజన్లు 1, 2, 3 అని వరసగా ఉండి తండ్రి పేరు ఒకటే అయితే వాళ్లు దాదాపుగా ఒక తండ్రి బిడ్డలే. "మైనరు ఫలానా, సంరక్షకురాలు తల్లి ఫలానా" అన్న మాట కనిపిస్తే చాలా విలువైనది. తల్లి పేరు తెలిసింది, తండ్రి అప్పటికే పోయి ఉంటాడనీ తెలిసింది. దస్తావేజుల్లో కుటుంబం మొత్తం కనిపించేది భాగపరిష్కారంలో, పారీఖత్తులో, అంటే ఆస్తి పంచుకున్న పత్రాల్లో. అమ్మకం కాగితాలు పది ఉన్నా ఒక్క పారీఖత్తు విలువ చెయ్యవు. దత్తత పత్రం ఉంటే తప్పక చదవండి. దత్తు వెళ్లినవాడికి ఆ తర్వాతి కాగితాలన్నిట్లో తండ్రి పేరు మారిపోతుంది. అది తెలీక ఒకే మనిషిని ఇద్దరుగా రాసుకున్న వంశవృక్షాలు చాలా ఉన్నాయి.

భూమి కొలత గరిసెల్లోనో పుట్లలోనో కుంచాల్లోనో ఉంటే ఎకరాల్లోకి మార్చే ప్రయత్నం చెయ్యకండి. అవి విత్తనాన్నో పంటనో బట్టి చెప్పిన లెక్కలు, ఊరూరికీ తేడా. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. టెక్కలి, సోంపేట వైపు కొన్ని కాగితాలు ఒడియాలో, అదీ కరణి అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. తెలుగువే అయినా పాత గొలుసుకట్టు చదవడానికి అలవాటు కావాలి. ఒకే రాయసగాడు రాసిన రెండు మూడు దస్తావేజులు పక్కపక్కన పెట్టుకుని, "యావదాస్తి", "స్వాధీనం", "చెల్లు" లాంటి మామూలు మాటల ఆకారాలు ముందు పట్టుకోండి. పేర్లు ఆ తర్వాత వాటంతటవే తెలుస్తాయి.

నకళ్లకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. 1983 నుంచి వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి. అంతకు ముందువి ఇండెక్సు పుస్తకాల్లో చేత్తో వెతకాలి. ఇండెక్సు రెండు రకాలు: ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. మీరు రెండోది అడగండి, ఊరు, సర్వే నంబరు చెప్పండి. ఎన్నేళ్లు వెతకాలో స్పష్టంగా రాయండి, "పాతవన్నీ" అని రాసిన దరఖాస్తు ముందుకి కదలదు. 1వ పుస్తకంలోని స్థిరాస్తి దస్తావేజులు ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 3వ పుస్తకంలోని వీలునామాల నకలు, రాసినవారు బతికుండగా వారికీ వారి ఏజెంటుకీ మాత్రమే ఇస్తారు. వారు పోయాక ఎవరడిగినా ఇస్తారు, కాబట్టి మరణ ధ్రువీకరణ తీసుకెళ్లండి.

మన రెండు జిల్లాల్లో ఊళ్లు చాలావరకు జమీందారీవి: విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస, ఇంకా చిన్నవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఈ ఊళ్లకి సర్వే, సెటిల్మెంటు చేసి రైత్వారీ పట్టాలు, అంటే నేరుగా రైతు పేరు మీదే పట్టాలు, ఇచ్చారు. అప్పుడు తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ మీకు కావలసిన పెద్ద రికార్డు. సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, పట్టాదారు పేరు దాంట్లో ఉంటాయి. ఊరంతటినీ ఒక్కసారి పేర్లతో చూపించేది ఇదే. తహసీల్దారు ఆఫీసులో నకలు అడగండి, అక్కడ లేకపోతే కలెక్టరేటు రికార్డు రూముకి రాయండి. ఈ మధ్య రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్.పి., అంటే ల్యాండ్ పార్సెల్, నంబర్లు వచ్చాయి. కొత్త నంబరు పట్టుకెళ్తే పాత పుస్తకంలో దొరకదు, పాత పాసుపుస్తకం నుంచి పాత నంబరు తీసుకునే వెళ్లండి. వంశపారంపర్య కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పుడు గ్రామ లెక్కలు చాలాచోట్ల సరిగ్గా చేతులు మారలేదు. అందుకని పాత కరణంగారి ఇంట్లోవాళ్లని కూడా మర్యాదగా అడిగి చూడండి.

మీ వాళ్లకి గుడి మాన్యమో, వృత్తి మాన్యమో, అగ్రహారంలో వాటానో ఉండి ఉంటే అదృష్టమే. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఆ మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, అప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అని రాశారు. ఒక్క ఎంట్రీతో రెండు మూడు తరాలు వెనక్కి వెళ్తారు.

శిస్తు రసీదుల మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, మొదలయ్యేది జులై 1న. ఫసలీ 1341 అంటే 1931 జులై 1 నుంచి 1932 జూన్ 30. రసీదు మీద ఫిబ్రవరి తేదీ ఉంటే 591 కలపాలి. పర్లాకిమిడి జమీందారీ కాగితాల్లో రాజుగారి అంక సంవత్సరం, అంటే ఆయన గద్దెనెక్కిన ఏళ్ల లెక్క, కూడా కనిపిస్తుంది. ఆ లెక్కలో 1, 6, ఇంకా 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలు దాటేస్తారు, 10 ఒక్కటి ఉంచుతారు. నేరుగా కూడితే ఏళ్లు తప్పుతాయి.

తాటాకు జాతకం చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి పుట్టిన తేదీకి దానికంటే గట్టి ఆధారం తక్కువ. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది, రౌద్రి అంటే 1860-61 కావచ్చు, 1920-21 కావచ్చు. గురుడు, శని ఉన్న రాశులు చూసి తేల్చుకోవచ్చనుకుంటారు గానీ అది కుదరదు. గురుడు పన్నెండేళ్లకీ శని ముప్పై ఏళ్లకీ చుట్టు తిరుగుతారు కాబట్టి అరవై ఏళ్ల తర్వాత ఇద్దరూ దాదాపు అక్కడికే వస్తారు. తేల్చేది రాహువు. ఆయన చుట్టు సుమారు 18.6 ఏళ్లు. అరవై ఏళ్లకి మూడు చుట్లు తిరిగి ఇంకా దాదాపు మూడు రాశులు జరుగుతాడు. చక్రంలో రాహువున్న రాశి చూసి, ఏదైనా పంచాంగం ప్రోగ్రాములో రెండు సంవత్సరాలకీ సరిచూడండి. ఒకటే నిలుస్తుంది. తర్వాత తిథి, వారం కలిస్తే తేదీ ఖాయం. ఆకు మీద అక్షరాలు కనపడకపోతే నిమ్మగడ్డి నూనె, మసి రాయడం తెలిసినవాళ్లతోనే చేయించండి. ఆ నూనె కాగితాలకి మాత్రం తగలనివ్వొద్దు.

బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు నమ్మొచ్చు, పుట్టినతేదీ నమ్మొద్దు. జులై 1 అని కనిపిస్తే అది బడిలో వేసిన తేదీయే అనుకోండి. జనన రిజిస్టర్లలో బిడ్డ పేరు తరచుగా ఉండదు, "ఆడశిశువు", తండ్రి పేరు, అంతే. పేరు పెట్టకముందే నమోదు చేస్తారు కదా. జనాభా లెక్కల్లో మనుషుల పేర్లున్న పత్రాలు బయటికి రావు, వాటి కోసం తిరగకండి.

ముత్తాతగారి రంగం ప్రయాణానికి ఓడ జాబితాలో పేరు దొరుకుతుందని ఆశపడొద్దు. బర్మాకి మనవాళ్లు ఎక్కువగా మేస్త్రీల చేతికింద వెళ్లారు, ఒక్కొక్కరికీ విడిగా గిర్మిట్ పత్రం, అంటే కూలి ఒప్పంద పత్రం, లేదు. దక్షిణాఫ్రికాలోని నేటాల్, మారిషస్, ఫిజీ వెళ్లినవాళ్ల సంగతి వేరు. 1860లో మద్రాసు నుంచి నేటాల్‌కి వెళ్లిన మొదటి ఓడ దగ్గర్నుంచీ జాబితాలున్నాయి, వాటిలో తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, వయసు, ఒంటి మీద మచ్చలు కూడా రాశారు. మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఫొటోలతో సహా ఉన్నాయి. మీ ఇంట్లో "ఓడెక్కి వెళ్లాడు" అన్న మాట మాత్రమే ఉంటే, అది రంగమేనా అని మళ్లీ అడగండి. ఆ జాబితాల్లో వెతికేటప్పుడు విజగపటం, చికాకోల్, బిమ్లిపటం, పల్కొండ అని ఇంగ్లీషువాళ్లు పలికినట్టు వెతకాలి. రంగానికి ఆనవాళ్లు ఇంట్లోనే ఉంటాయి: మనియార్డరు కూపన్లు, బర్మా ముద్రలున్న కవర్లు, రంగూన్ స్టూడియో పేరున్న ఫొటో, 1948 తర్వాత కూడా అక్కడే ఉండి ఉంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రం. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక నడిచి వచ్చారా, 1964 ప్రాంతంలో ఓడలో వచ్చారా అన్నది పెద్దవాళ్లకి తప్పకుండా గుర్తుంటుంది. ఆ ఒక్క జవాబుతో వెతకాల్సిన కాలం సగానికి తగ్గుతుంది.

ఇక ఆ ఫొటో. పాత నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలం చెమ్మకి ఆ పొర మెత్తబడి గాజుకి పట్టేస్తుంది. లాగితే ముఖాలు గాజు మీద ఉండిపోతాయి, కాగితం మీ చేతికొస్తుంది. ఫ్రేమును బోర్లా పెట్టి వెనక మేకులు, అట్ట మాత్రమే తీసి, గాజూ ఫొటో కలిపే ఉంచండి. అట్ట పారెయ్యకుండా రెండువైపులా చూడండి, స్టూడియో పేరో తేదీయో పెన్సిలుతో ఉండే చోటు అదే. పల్చటి చవక స్కానర్లు సి.ఐ.ఎస్. రకం, అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా తీస్తాయి. మధ్యలో ఫ్రేము గాజు మందం వస్తే మసకగా వస్తుంది. లావుగా ఉండే సి.సి.డి. స్కానరు కావాలి, లేదా కెమెరాతో తీయాలి. ఫోన్‌తో తీస్తే ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోన్ వెనక నల్లబట్ట పట్టించండి. గాజులో మీ నీడ, కప్పు నీడ పడకుండా ఉంటాయి.

గాజు లేని ఫొటోలు 600 డి.పి.ఐ.లో, పాస్‌పోర్టు సైజువి 1200లో, నలుపు తెలుపువైనా రంగు మోడ్‌లోనే స్కాన్ చెయ్యండి. పసుపు మరకల్ని తర్వాత విడదీయడానికి ఆ రంగు సమాచారమే పనికొస్తుంది. 6 అంగుళాలు, 4 అంగుళాల ఫొటో 600లో 3600, 2400 పిక్సెళ్లవుతుంది, టిఫ్ ఫైలు సుమారు 26 ఎం.బి. ఆ టిఫ్‌ని ముట్టుకోకుండా ఉంచి, మరమ్మతులన్నీ నకలు మీద చెయ్యండి. ఫోన్లలో ముఖాల్ని "స్పష్టం" చేసే యాప్‌లు లేని కళ్లూ ముక్కూ కల్పించి పెడతాయి. గుర్తుపట్టడానికి అలాంటి బొమ్మ ఎవరికీ చూపించొద్దు. స్కాన్ వెనకవైపు కూడా చెయ్యాలి.

కాలం అంచనాకి ముందు స్కేలుతో కొలవండి. మందపాటి అట్టకి అతికించి సుమారు రెండున్నర, నాలుగు అంగుళాలుంటే కార్ట్ డి విజిట్, నాలుగుంపావు, ఆరున్నర అయితే కేబినెట్ కార్డు. రెండూ చాలావరకు 19వ శతాబ్దం రెండో సగానివి, మన వైపు రాజాస్థానాలకో ఉద్యోగస్తులకో తప్ప అరుదు. నల్లటి చోట్ల పక్కకి వంచి చూస్తే నీలిరంగు వెండి మెరుపు కనిపిస్తే జెలటిన్ ప్రింటు, అంటే 1890ల తర్వాతిది. రెండుంపావు అంగుళాల చదరం ప్రింట్లు 120 ఫిల్ము పెట్టెకెమెరావి, ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటివి. కాగితం వెనక ఇందు అని ఉంటే ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ది, 1960ల చివర నుంచి. స్టూడియో కోటు, కుర్చీ, తెర చూసి హోదా లెక్కకట్టకండి, కోటు కూడా స్టూడియోవాళ్లదే అయ్యుండొచ్చు. గ్రూపు ఫొటోలో ఒకరి మీద మాత్రం వెలుగు వేరే వైపు నుంచి పడితే, ఆ మనిషి పోయాక పాత ఫొటోలోంచి తెచ్చి అతికించి ఉంటారు. అప్పుడు ఆ ముఖం తేదీ ఒకటి, మిగతావాళ్ల తేదీ ఇంకొకటి.

పేర్లు పట్టడానికి ఎ3 కాగితం మీద నకలు తీయించి ప్రతి తలకీ ఒక నంబరు వెయ్యండి. ఇద్దరు ముగ్గురు పెద్దల్ని విడివిడిగా, వేర్వేరు రోజుల్లో అడగండి. ఒకేచోట కూర్చోబెడితే మొదట మాట్లాడినవారి మాటకే మిగతావాళ్లు తలూపుతారు. ఎవరు ఏ నంబరుకి ఏ పేరు చెప్పారో, ఏ రోజు చెప్పారో ఆ నకలు మీదే రాయండి, ఒప్పుకోని పేర్లు కూడా కొట్టెయ్యకుండా ఉంచండి. అసలు ఫొటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిలుతో, అంచున, ముఖాలు లేనిచోట, నొక్కకుండా. ఆడపిల్లల్ని ఏ ఊళ్లో ఇచ్చారో పైన అడగమన్నాను కదా. ఈ నంబర్ల నకలు ఆ ఇళ్లన్నిటికీ ఒక్కొక్కటి పంపండి. ఇదే ఫొటో ఇంకో ప్రింటు, గాజుకి అంటుకోనిది, మేనత్తగారి తరపు ఇంట్లో ఉండే అవకాశం బాగా ఉంది. పుట్టింటి గ్రూపు ఫొటోని ఆడపిల్లలు సారెతో పాటు తీసుకెళ్లేవారు.